స్కానింగ్ గదిలో మాట: విద్యార్థులు అడిగినవి, పేషెంట్లు అడిగినవి

(ఇమేజింగ్ కోర్సులు చదువుతున్న విద్యార్థులూ, వాళ్ల చేతుల్లో పరీక్షలు చేయించుకున్న పాఠకులూ పంపిన ఉత్తరాల్లో కొన్ని ఇవి. విశాఖపట్నంలో ప్రభుత్వ ఆసుపత్రి రేడియాలజీ విభాగంలో పనిచేసి రిటైరై, ఇప్పుడు పారామెడికల్ కాలేజీలో పాఠాలు చెబుతున్న సీనియర్ రేడియోగ్రాఫర్ జవాబులిస్తున్నారు.)

ప్రశ్న: మేడమ్, బీఎస్సీ ఇమేజింగ్ రెండో ఏడాది చదువుతున్నాను. ఇప్పుడు ఎక్స్‌రే పోస్టింగు. చెస్ట్ తీసేటప్పుడు "ఊపిరి బిగపట్టండి" అని గట్టిగానే చెబుతాను. పెద్దవాళ్లు సరిగా చేయరు, ఎక్స్‌రే మళ్లీ తీయాల్సి వస్తుంది. సీనియర్లు నీకు టెక్నిక్ రాలేదంటున్నారు. లోపం ఎక్కడుంది? (విద్యార్థిని, విజయనగరం)

జవాబు: మీ కేవీ, ఎంఏఎస్, అంటే యంత్రంలో పెట్టే ఎక్స్‌రే మోతాదు అంకెలు, సరిగానే ఉండి ఉంటాయి. లోపం మీరు ఆ మాట ఎప్పుడు చెబుతున్నారన్న దాంట్లో ఉంది. ముసలమ్మను స్టాండు వైపు తిప్పుతారు. గడ్డం పైకెత్తి, చేతులు నడుము మీద పెట్టించి, భుజాలు ముందుకు నెడతారు. తర్వాత అద్దం వెనక్కి వెళ్లి అక్కడినుంచి కేకేస్తారు. అప్పటికి ఆవిడ గోడకు అతుక్కుని ఉంది, మీ ముఖం కనపడదు, ఛాతీకి చల్లటి పలక తగులుతోంది. వెనకనుంచి వచ్చిన కేక ఆవిడకు కసిరినట్టు వినపడుతుంది. ఉలిక్కిపడి, ఉన్న గాలి కూడా వదిలేస్తుంది.

గోడ వైపు తిప్పకముందే ఎదురుగా నిలబడి ఒకసారి చేయించండి. ముందు మీరు గాలి పీల్చి, ఆపి, వదిలి చూపించండి. "ఇలాగే అమ్మా. నేను వదలమనేదాకా వదలొద్దు." ఒట్టి "ఊపిరి బిగపట్టండి" అంటే చాలామంది లోపల ఉన్న కాస్త గాలితోనే బిగబడతారు, కొందరు పొట్ట లోపలికి లాక్కుంటారు. పీల్చమని ఎవరు చెప్పారు మరి? అలా తీసిన ఫిల్ములో డయాఫ్రమ్, అంటే ఊపిరితిత్తుల కింద ఉండే కండర పొర, పైకి వచ్చేస్తుంది, ఊపిరితిత్తుల అడుగుభాగం మసకబారుతుంది, గుండె ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుంది. వెనక పక్కటెముకలు తొమ్మిదో పదో లెక్కకు రావాలని క్లాసులో చదువుకున్నారు కదా, అవి వచ్చేది ఎదురుగా నిలబడి చెప్పిన ఆ రెండు ముక్కల వల్లే.

మాట కూడా ఊరిని బట్టి ఉండాలి. మన వైపు "గాలి గట్టిగా పీల్చి ఆపు" అంటే అర్థమవుతుంది. తెలంగాణ పల్లెల వాళ్లకు "దమ్ము గుంజుకొని ఆపు" అంటే వెంటనే అందుతుంది. ఇచ్ఛాపురం వైపునుంచి ఒడియా మాట్లాడేవాళ్లు వస్తారు. పీల్చు, ఆపు, వదులు అనే మూడు మాటలు మీ క్లాసులో ఒడియా వచ్చినవాళ్లెవరైనా ఉంటే అడిగి నేర్చుకోండి. వినపడని వాళ్లయితే చేతి సైగ ముందే కుదుర్చుకోండి.

ఇక బటన్ నొక్కేటప్పుడు చూపు కన్సోల్ అంకెల మీద కాదు, పేషెంటు వీపు మీద ఉండాలి. భుజాలు లేచాయా లేదా అన్నది అక్కడ కనిపిస్తుంది. ఎక్స్‌పోజర్ అయ్యాక "వదిలేయండి" అనడం మరిచిపోయే పిల్లలను ఎంతమందిని చూశానో! పాపం ఆయన ముఖం కందిపోతున్నా బిగబట్టే నిలబడి ఉంటాడు, వీళ్లు కంప్యూటర్లో పేరు టైపు చేసుకుంటూ ఉంటారు.

జడ సంగతి కూడా చెప్పనివ్వండి. భుజం మీద పడిన జడ ఊపిరితిత్తి పైభాగంలో నీడగా పడుతుంది. అది చూసి టీబీ ఏమోనని అనుమానపడి మళ్లీ ఎక్స్‌రేకు పంపిన సందర్భాలున్నాయి. "జుట్టు పైకి ముడేసుకోండి" అని ఊరుకోకుండా "జడ నీడ పడితే జబ్బులా కనిపిస్తుందమ్మా" అని చెప్పండి. కారణం తెలిస్తే ఆవిడే రెండో పిన్నీసు కూడా వెతికి తీసి ఇస్తుంది.

ప్రశ్న: పేషెంట్లను ఏమని పిలవాలి? నేను "ఆంటీ" అన్నందుకు ఒకావిడ నాతో మాట్లాడటమే మానేశారు. (డీఎంఐటీ అనే ఇమేజింగ్ డిప్లొమా విద్యార్థి, కాకినాడ)

జవాబు: మానేయక ఏం చేస్తారు! చీటీలో పేరు ఉంది కదా. పేరుకు "గారు" చేర్చండి, సరిపోతుంది. బాగా పెద్దవాళ్లయితే అమ్మా, తాతగారూ, మామ్మగారూ. మంచాన పడి ఉన్న మనిషిని "ఏయ్, ఇటు తిరుగు" అనే అలవాటు కొన్నిచోట్ల సీనియర్ల నుంచే అంటుకుంటుంది. అది మాత్రం అంటించుకోకండి.

పేరు దగ్గర ఇంకో సంగతి ఉంది. "అప్పలరాజు మీరేనా?" అని అడగొద్దు. ఉత్తరాంధ్రలో ఏ ఓపీలోనైనా ఇద్దరు అప్పలరాజులు, ముగ్గురు పైడితల్లులు ఉంటారు. చెవి సరిగా వినపడని ముసలాయన దేనికైనా తల ఊపుతాడు. "మీ పేరేంటి? ఇంటిపేరు? ఏ ఊరు? ఏ కాలు నొప్పి, చెయ్యి పెట్టి చూపించండి" అని అడగండి, జవాబు ఆయన నోటినుంచే రావాలి. ఎడమ మోకాలికి బదులు కుడి మోకాలు తీసి పంపడం చాలాసార్లు ఈ ఒక్క "మీరేనా?" వల్లే జరుగుతుంది.

ప్రశ్న: మా అమ్మగారికి పొట్ట సీటీ స్కాన్ తీయించాం. లోపల ఏం జరుగుతుందో ఎవరూ చెప్పలేదట. సూది మందు ఎక్కగానే ఒళ్లంతా వేడెక్కి, మూత్రం పోయిందనుకుని ఆవిడ సిగ్గుతో బల్లమీదే ఏడ్చేశారు. తర్వాత చూస్తే ఏమీ లేదు. అక్కడున్నది ట్రైనింగ్ పిల్లలు. ముందే ఒక మాట చెప్పాలని మేం ఆశించడం తప్పా? (గృహిణి, గుంటూరు)

జవాబు: తప్పు కాదమ్మా. చెప్పడం వాళ్ల పని. అయోడిన్ ఉండే కాంట్రాస్ట్ మందు, మనం డై అంటామే, అది నరంలోకి వేగంగా వెళ్లినప్పుడు ఒళ్లు వెచ్చబడుతుంది. నోట్లో ఇనుము రుచి తగులుతుంది. పొత్తికడుపు దగ్గర ఆ వెచ్చదనం సరిగ్గా మూత్రం పోయినట్టే అనిపిస్తుంది. కాసేపటికి అదే తగ్గిపోతుంది. చాలామందికి జరిగేదే ఇది. "అలా అనిపిస్తుంది కానీ నిజంగా పోదు, కంగారు పడకండి" అని ముందు చెబితే ఏ తల్లీ ఏడవదు. పైగా ఏడ్చినా, కదిలినా బొమ్మ చెడుతుంది, మళ్లీ మొదటికి.

ఇది చదివే విద్యార్థులకు ఒక మాట. వేడి గురించి చెప్పేటప్పుడు "కొంచెం మంటగా ఉంటుంది, ఓర్చుకోండి, కదలొద్దు" అనకండి. సూది నరం తప్పి మందు కండలోకి పోతున్నప్పుడు కూడా మంటే కదా పుట్టేది! మీరు ఓర్చుకోమన్నారని ఆవిడ పళ్ల బిగువున ఓర్చుకుంటుంది, చెయ్యి వాచిపోతుంది. రెంటినీ విడదీసి చెప్పాలి. "ఒళ్లంతా వేడిగా అనిపిస్తే మామూలే. సూది గుచ్చిన చోట మాత్రం మంటో, నొప్పో, వాపో తెలిస్తే వెంటనే అరవండి, మేం ఆపేస్తాం."

డైకి ముందు అడగాల్సిన ప్రశ్నల్లోనూ ఇదే తేడా వస్తుంది. "ఏమైనా మందులు వాడుతున్నారా?" అంటే "లేదు" అంటారు. "షుగరు బిళ్ల వేసుకుంటున్నారా?" అంటే "ఆ, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి" అంటారు. వాళ్ల దృష్టిలో రోజూ వేసుకునేది మందు కాదు, అన్నంతోపాటు అదొకటి. కాబట్టి షుగరు, కిడ్నీ, ఆస్తమా, ఇదివరకు డై ఎక్కించినప్పుడు దద్దుర్లు వచ్చాయా అనేవి విడివిడిగా అడగండి. ఉద్దానం ప్రాంతం నుంచి, అంటే కవిటి, సోంపేట, కంచిలి వైపు నుంచి వచ్చేవాళ్లతో ఈ మాట ఇంకా జాగ్రత్తగా మాట్లాడాలి. అక్కడ కిడ్నీ జబ్బు ఇంటింటి సంగతి కావడంతో చదువు లేనివాళ్లు కూడా కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎంతో అంకెతో సహా చెబుతారు. అడిగితేనే సుమా. అడగకపోతే, ఎలాగూ కంప్యూటర్లో ఉంటుంది కదా అనుకుని ఊరుకుంటారు.

ప్రశ్న: స్కాన్ అవ్వగానే "ఏముంది బాబూ? బాగానే ఉందా?" అని అడుగుతారు. నాకు తెలిసినా చెప్పకూడదంటారు. మొన్న ఒకాయన సీటీలో పెద్ద గడ్డ కనిపించింది. ఆయన నా ముఖంలోకే చూస్తున్నారు. ఏం చెప్పాలో తోచక "డాక్టర్ని అడగండి" అని వచ్చేశాను. అలా అనడం సరైనదేనా? (ఇంటర్న్‌షిప్ విద్యార్థి, రాజమహేంద్రవరం)

జవాబు: రిపోర్టు చెప్పే అధికారం మనకు లేదు, నిజం. కానీ "డాక్టర్ని అడగండి" అని విసురుగా అన్నా, నేల చూపులు చూస్తూ అన్నా ఆయన ఇంటికెళ్లి రాత్రంతా నిద్రపోడు. ఏదో దాస్తున్నారన్న అనుమానం పట్టుకుంటుంది. "ఏమీ లేదులెండి, బాగానే ఉంది" అనడం ఇంకా ఘోరం. నాలుగు రోజుల తర్వాత డాక్టరు నోటినుంచి వేరే మాట విన్నాక ఆయన ఆసుపత్రిలో ఎవర్ని నమ్ముతాడు?

నేను పిల్లలతో ఇలా చెప్పిస్తాను: "నేను బొమ్మలు తీసేవాణ్ణండి. వీటిని చదివి చెప్పేది రేడియాలజిస్టు గారు. ఇప్పుడు ఆయనకు పంపేశాను. రిపోర్టు రేపు పదకొండుకల్లా ఫలానా కౌంటర్లో ఇస్తారు. అది తీసుకొని మిమ్మల్ని పంపిన డాక్టర్ గారి దగ్గరికే వెళ్లండి." ఇందులో అబద్ధం లేదు, అధికారం దాటడమూ లేదు. ముఖ్యమైన ముక్క టైమూ, కౌంటరూ. ఎప్పుడు, ఎక్కడ తెలుస్తుందో చెబితే మనిషికి కాస్త పట్టు దొరుకుతుంది. ఇదే మాట గడ్డ ఉన్నాయనకీ, లేనాయనకీ ఒకే గొంతుతో చెప్పాలి. బాగున్నవాళ్లకు నవ్వుతూ, బాగాలేనివాళ్లకు గొంతు తగ్గించి చెబితే మీరు రిపోర్టు ఇచ్చేసినట్టే.

ముఖం సంగతి మీరే రాశారు. దానికంటే ఎక్కువ చెప్పేది అద్దం వెనక గుంపు. ఏదైనా అరుదైన కేసు కనపడగానే నలుగురు విద్యార్థులు మానిటర్ చుట్టూ చేరి వేలు పెట్టి చూపించుకుంటారు. బల్లమీద పడుకున్న మనిషికి మీ మాటలు వినపడకపోవచ్చు, మీరు మాత్రం కనపడతారు. ఒక్కోసారి ఇంటర్‌కమ్ ఆపడం మరిచిపోతారు, అప్పుడు వినపడతారు కూడా. నేర్చుకోవాల్సిందే, కాదనను. ఆయన గది దాటి వెళ్లాక చూసుకోండి, బొమ్మ ఎక్కడికీ పోదు.

వెంటనే చెప్పాల్సినవీ ఉన్నాయి. తలలో రక్తస్రావం కనిపించింది, ఎక్స్‌రేలో ఒకవైపు ఊపిరితిత్తి ముడుచుకుపోయి ఉంది. అప్పుడు ఆ మనిషిని నడిపించి వరండాలోకి పంపేయకూడదు. "ఇంకో బొమ్మ కావాలేమో, డాక్టర్ గారిని అడిగొస్తాను, ఇక్కడే కూర్చోండి" అని కూర్చోబెట్టి, పక్కన ఒక మనిషిని ఉంచి, పరుగున వెళ్లి రేడియాలజిస్టుకో, క్యాజువాల్టీ డాక్టరుకో చెప్పాలి.

ఇంకో మాట, మీరు అడగలేదు కానీ. "సీఏ బ్రెస్ట్ పేషెంట్ ఎవరు, లోపలికి రండి" అని వరండాలో కేకేయడం ఇప్పటికీ వింటున్నాను. సీఏ అంటే క్యాన్సర్. ఆవిడకు ఆ రెండక్షరాలు తెలియవనుకుంటారు. పక్కన కూర్చున్న ఇంటర్ చదివే కూతురికి తెలుసు.

ప్రశ్న: ఆడవాళ్లను ఎక్స్‌రేకు ముందు గర్భం గురించి అడగాలి. పెళ్లికాని అమ్మాయి, పక్కన వాళ్ల నాన్న, నేనేమో మగపిల్లాణ్ణి. నోరు రావడం లేదు. (డిప్లొమా విద్యార్థి, అనంతపురం)

జవాబు: ముందు నాన్నగారిని బయటికి పంపండి. దానికి సాకు వెతకక్కర్లేదు, నిజమే ఉంది: "ఎక్స్‌రే గదిలో పేషెంటు తప్ప ఎవరూ ఉండకూడదండి, అనవసరంగా మీకు రేడియేషన్ తగులుతుంది." తలుపు వేశాక, నర్సో ఆయమ్మో దగ్గరున్నప్పుడు, ప్రశ్నకన్నా ముందు కారణం చెప్పండి: "ఈ వయసు ఆడవాళ్లందరినీ ఇది అడుగుతామండి, పెళ్లయినా కాకపోయినా. కడుపులో బిడ్డ ఉంటే ఎక్స్‌రే మంచిది కాదు కాబట్టి. మీకు చివరిసారి డేట్ ఎప్పుడొచ్చింది?" అందరినీ అడుగుతామన్న మాట ముందు వస్తే ఆ అమ్మాయికి తనను అనుమానించారని అనిపించదు. డేట్ అంటే పట్నం పిల్లలకు తెలుస్తుంది. పల్లె ఆడవాళ్లకు "నెలసరి" అనో, "నెల తప్పిందా" అనో అడగాలి. ఎల్ఎంపీ అంటే చివరి నెలసరి తేదీయే. "ఎల్ఎంపీ ఎంత?" అని అడిగిన ఒక కుర్రాడికి ఒకావిడ తన బరువు చెప్పింది.

"గర్భిణులు ముందుగా తెలియజేయవలెను" అన్న బోర్డు గోడకు ఉంది కదా అనుకోకండి. చదవలేనివాళ్లున్నారు, చదివినా తమకు కాదనుకునేవాళ్లున్నారు. అనుమానంగా ఉందంటే మీరే తీర్పు చెప్పి వెనక్కి పంపేయొద్దు. రేడియాలజిస్టుకు చెప్పండి. ప్రాణం మీదికొచ్చిన కేసు కావచ్చు, అల్ట్రాసౌండుతో సరిపోయేది కావచ్చు. అది వాళ్లు తేలుస్తారు.

ప్రశ్న: ఎక్స్‌రేలు ఇన్నిసార్లు తీస్తే క్యాన్సర్ వస్తుందా అంటారు. ఏమీ కాదని చెప్పేస్తున్నాను. (విద్యార్థిని, నెల్లూరు)

జవాబు: "ఏమీ కాదు" అనకండి, నమ్మరు. రేడియేషన్‌ను మిల్లీసీవర్టుల్లో కొలుస్తారు. ఛాతీ ఎక్స్‌రే ఒకదానికి దాదాపు 0.02 మిల్లీసీవర్ట్. భూమినుంచి, ఆకాశంనుంచి, తినే తిండినుంచి మనందరికీ సగటున ఏడాదికి 2.4 దాకా ఎలాగూ వస్తుంది. అంటే ఆ ఎక్స్‌రే మూడు, నాలుగు రోజుల మామూలు బతుకుతో సమానం. "మూడు, నాలుగు రోజులు ఊరికే ఇంట్లో ఉన్నా ఇంతే తగులుతుందండి" అంటే అర్థమవుతుంది. పొట్ట సీటీ అయితే అలా తేలిగ్గా చెప్పడానికి లేదు, దానికి వందల రెట్లు ఎక్కువ. "అవసరం ఉందనే డాక్టర్ గారు రాశారు, పాత సీటీ ఉంటే చూపించండి, మళ్లీ తీయాలో లేదో అడుగుదాం" అనండి. ఎమ్మారైలోనూ అల్ట్రాసౌండులోనూ ఈ రేడియేషన్ ఉండదని కూడా చెప్పండి. అన్నిటినీ కలిపి "స్కానింగే" అంటారు కాబట్టి అన్నిటికీ ఒకేలా భయపడతారు. క్యాన్సర్ ఆసుపత్రుల్లో ఇంకో భయం ఉంటుంది. రేడియోథెరపీని మనవాళ్లు "కరెంటు పెట్టడం" అంటారు. సీటీ బల్ల ఎక్కించగానే కరెంటు పెట్టేస్తున్నారనుకునేవాళ్లను చూశాను. "ఇది ఫొటోనే, కరెంటు కాదు" అన్న ఒక్క మాటకు వాళ్ల బిగుసుకున్న చేతులు వదులవుతాయి.

ప్రశ్న: ఎమ్మారై గదిలో రెండు గొడవలు. ఒకటి, మంగళసూత్రం తీయమంటే ఆడవాళ్లు, వాళ్ల అత్తగార్లు యుద్ధానికొస్తారు. రెండు, సగంలో భయపడి లేచిపోతారు. (ఇంటర్న్, హనుమకొండ)

జవాబు: "తాళి తీసెయ్" అని మీరు అంటే ఎవరు ఊరుకుంటారు? ఆ మాటే మన ఇళ్లలో అనం. అపాయింట్‌మెంట్ ఇచ్చే రోజే చెప్పాల్సింది ఇది: "రేపు వచ్చేటప్పుడు సూత్రాలు ఇంట్లో దేవుడి దగ్గర పెట్టి, పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టుకొని రండమ్మా." అత్తగారే కట్టి పంపిస్తారు. ఆ రోజు చెప్పకపోతే కౌంటర్ దగ్గర ఓ పసుపుదారపు ఉండ పెట్టుకోండి, చవకైనదే. బంగారాన్ని అయస్కాంతం లాగదు కదా అని ఎవరైనా వాదిస్తే, గొలుసు కొక్కెం, నల్లపూసల తీగ, దానికి తగిలించిన పిన్నీసులు ఏ లోహమో తెలియదనీ, మెడ స్కాన్ అయితే బొమ్మే చెడుతుందనీ చెప్పండి. మగవాళ్ల వెండి మొలతాడు, తాయెత్తు మరిచిపోకండి. అడిగితే సిగ్గుపడి లేదంటారు.

"ఒంట్లో లోహం ఏమైనా ఉందా?" అన్నది పనికిరాని ప్రశ్న. "గుండెకు మిషన్ పెట్టారా? తలకు ఆపరేషన్ అయిందా? చెవి లోపల మిషన్ ఉందా? ఎముకకు రాడ్ వేశారా? వెల్డింగ్, గ్రైండింగ్ పని చేశారా, కంట్లో ఇనుప రజను పడిందా?" అని ఒక్కొక్కటీ అడగాలి. మాకు గాజువాక ఆటోనగర్ నుంచి వచ్చేవాళ్లలో ఈ చివరి ప్రశ్నకు అవునన్నవాళ్లు ఉండేవారు.

తోడు వచ్చినవాళ్లకూ, స్ట్రెచర్ తోసేవాళ్లకూ కూడా ఇదే గట్టిగా చెప్పండి: స్కాన్ జరగకపోయినా అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుంది. 2018 జనవరిలో ముంబైలో ఒక యువకుడు బంధువు కోసం ఆక్సిజన్ సిలిండర్ పట్టుకొని ఎమ్మారై గదిలోకి వెళ్లి ప్రాణం పోగొట్టుకున్నాడు. యంత్రం ఆఫ్‌లో ఉందని సిబ్బందే చెప్పారని ఆ కుటుంబం ఆరోపించింది. మాట తప్పుగా చెబితే ఎంతదాకా పోతుందో మా క్లాసులో మొదటిరోజే దీనితో చెబుతాను.

భయం సంగతి. "ఏం కాదు, పడుకోండి" అనడం వల్ల భయం తగ్గదు. ఏం జరుగుతుందో చెప్పండి: ఎంతసేపు పడుతుందో, సుత్తితో కొట్టినట్టు చప్పుళ్లు వస్తాయని, చెవులకు ప్లగ్గులు పెడతారని, రెండు వైపులా తెరిచే ఉంటుందని, గాలి ఆడుతుందని. చేతిలో రబ్బరు బుడగ పెట్టి, ఒకసారి నొక్కించి, అది మోగితే మీరు వస్తారని చూపించండి. నొక్కించకుండా ఇచ్చిన బుడగను ఎవరూ నమ్మరు. కళ్లు లోపలికి వెళ్లాక మూసుకోవడం కాదు, బయట ఉండగానే మూయించి తువ్వాలు కప్పండి.

తర్వాత అసలు సంగతి. చాలామంది లేచిపోయేది చప్పుడు వచ్చినప్పుడు కాదు, ఆగినప్పుడు. ఒక సీక్వెన్సుకూ, అంటే ఒక విడత బొమ్మలకూ, ఇంకోదానికీ మధ్య నిశ్శబ్దం వస్తే, అందరూ తనను వదిలి వెళ్లిపోయారనుకుంటారు. అప్పుడు మైకు నొక్కి "బాగా సహకరిస్తున్నారండి, తర్వాతది నాలుగు నిమిషాలు" అనండి. నాలుగంటే నాలుగే కావాలి. "అయిపోయింది, అయిపోయింది" అని ఊరడిస్తూ ఇంకో పావుగంట ఉంచితే మూడోసారి మీ గొంతు వినగానే బుడగ నొక్కేస్తారు.

ప్రశ్న: మా మేనత్త కోడలికి ఐదో నెల. మా సెంటర్లోనే టిఫా స్కాన్, అంటే కడుపులో బిడ్డ అవయవాలు చూసే అల్ట్రాసౌండు. "నువ్వు లోపలే ఉంటావు కదా, బాబో పాపో ఒక్క సైగ చెయ్యి చాలు" అంటోంది అత్త. బంధుత్వం చెడకుండా ఎలా చెప్పాలి? (డీఎంఐటీ విద్యార్థి, పశ్చిమ గోదావరి)

జవాబు: సైగ కూడా నేరమే బాబూ. 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం బిడ్డ ఆడో మగో మాటతోగానీ, సైగతోగానీ, మరే విధంగానైనా చెప్పడాన్ని నిషేధించింది. మొదటిసారి దొరికితే మూడేళ్ల దాకా జైలు, పదివేల దాకా జరిమానా. చెప్పమని ఒత్తిడి చేసిన బంధువులకూ శిక్ష ఉంది. "అత్తా, స్కాన్ చేసేది డాక్టర్ గారు, నేను ఫారాలు నింపేవాణ్ణి. నువ్వడిగావని తెలిస్తే నీకూ కేసే" అని చెప్పు. తర్వాత మాట మార్చు: "బిడ్డ గుండె, వెన్నెముక, కాళ్లూ చేతులూ బాగున్నాయా అని డాక్టర్ గారిని అడుగు, ఈ స్కాన్ దానికోసమే." అలిగితే అలుగుతుంది. ఆ రోజు డ్యూటీ ఇంకొకరికి మార్చుకో, చాలా తలనొప్పి తగ్గుతుంది.

ప్రశ్న: హైదరాబాద్‌లో చదివి ఇప్పుడు ఇంగ్లండ్‌లో రేడియోగ్రాఫర్‌గా చేరాను. ఇక్కడ ప్రతి పేషెంటుకూ నా పేరు చెప్పి పరిచయం చేసుకోవాలట. మన దగ్గర ఎప్పుడూ చెప్పలేదు, నాటకంలా అనిపిస్తోంది. (పాఠకురాలు, బర్మింగ్‌హామ్)

జవాబు: దాని వెనక ఒక మనిషి ఉంది. కేట్ గ్రేంజర్ అని అక్కడి డాక్టరు, వృద్ధులకు వైద్యం చేసేవారు. తనకే క్యాన్సర్ వచ్చి ఆసుపత్రిలో పడుకున్నప్పుడు, వచ్చిపోయేవాళ్లలో చాలామంది తామెవరో కూడా చెప్పకపోవడం ఆవిడను బాధించింది. 2013లో "హలో, మై నేమ్ ఈజ్" అనే ప్రచారం మొదలుపెట్టారు. 2016లో చనిపోయారు. ఆ బ్యాడ్జీ మీ ఆసుపత్రిలోనూ ఎవరి కోటుకో కనిపిస్తుంది, చూడండి. అక్కడ 2017 నాటి రేడియేషన్ నిబంధనల ప్రకారం ఎక్స్‌పోజర్‌కు ముందు దాని మేలూ, ముప్పూ పేషెంటుకు వీలైనంతవరకు తెలియజేయాలి కూడా. కాబట్టి ఇది మర్యాదకే పరిమితం కాదు, మీ ఉద్యోగంలో భాగం. మీ పేరు పొడుగైతే పొట్టిగా చెప్పండి, వాళ్లు పలకలేక అవస్థపడతారు. సెలవుకు వచ్చినప్పుడు మా కాలేజీకి రండి, మా పిల్లలతో ఒకపూట మాట్లాడుదురు గాని.

ప్రశ్న: మేడమ్, ఇవన్నీ చెప్పడానికి బాగుంటాయి. బయట క్యూ వరండా దాటి ఉంటుంది. ఒక్కొక్కరితో ఇంతసేపు మాట్లాడితే మధ్యాహ్నం భోజనం కూడా ఉండదు. (ఇంటర్న్, పేరు వద్దన్నారు)

జవాబు: ఎవరు ఇంతసేపు మాట్లాడమన్నారు? ట్యూబు కిందికి దించుతూ చెప్పొచ్చు, ప్లేటు సర్దుతూ చెప్పొచ్చు. చేతులు పనిచేస్తుంటే నోరు ఖాళీగానే ఉంటుంది కదా. గాలి పీల్చడం గురించి వరండాలో క్యూ మొత్తానికి ఒకేసారి చేయించండి, అక్కడ కూర్చుని వాళ్లకు వేరే పనేం లేదు. పిన్నీసులూ గొలుసులూ తీసే మాట బయట టోకెన్ ఇచ్చే మనిషితో చెప్పించండి. లోపలికి వచ్చాక మిగిలేది పేరు అడగడం, ఆడవాళ్లయితే డేట్ అడగడం, ఒకసారి చేసి చూపించడం. అర నిమిషం. రిపీట్ తీస్తే ఎంతసేపు పడుతుందో ఒక వారం గడియారం పెట్టుకొని మీరే చూడండి. మళ్లీ పిలవాలి, మళ్లీ నిలబెట్టాలి, ఈలోగా వాళ్లబ్బాయి వచ్చి ఎందుకు రెండుసార్లు తీశారని గొడవ పెట్టుకుంటాడు, ఆయనకు సంజాయిషీ చెప్పాలి. మీ భోజనం ఆలస్యమయ్యేది అక్కడ. మీ విభాగంలో రిపీట్ల రిజిస్టరు ఉంటే కారణం గడిలో "పేషెంట్ సహకరించలేదు" అని ఎన్నిసార్లు రాశారో లెక్కపెట్టి నాకు ఉత్తరం రాయండి, ఆ సంగతి వచ్చే నెల మాట్లాడుకుందాం.